కళాశాల విద్యార్థికి ఈ-రీడరు: కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

మీ కుమారుడో, కుమార్తెయో పట్టణంలోని కళాశాలలో చేరి ఏడాది గడిచేసరికి ఇంటిలో ఒక కొత్త కోరిక వినిపించవచ్చును. పుస్తకాలన్నీ ఒకే యంత్రంలో ఇముడునట, మోత ఉండదట, కంటికి శ్రమ ఉండదట, ఒక ఈ-రీడరు కొనిపెట్టండి అని. 2025 ఏప్రిల్‌లో మన దేశంలో విడుదలైన కిండిల్ పేపర్‌వైట్ అనే 7 అంగుళాల రీడరుకు విడుదలనాటి ధర 16,999 రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదు. పిల్లల చదువు విషయంలో కాదనుటకు మనసొప్పదు. అట్లని వివరం తెలియక డబ్బు వెచ్చించుటయు తగదు.

ముందుగా ఈ సాధనం ఎట్టిదో తెలుసుకొనవలెను. సెల్‌ఫోను తెర లోపలి వెలుతురుతో వెలుగును. ఈ-రీడరు తెర కాగితము వలె బయటి వెలుతురుతోనే కనిపించును. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధనల నుండి పుట్టి, 1997లో ఏర్పడిన ఈ ఇంక్ అనే సంస్థ ఈ పద్ధతిని అభివృద్ధి చేసినది. తెర నిండా కంటికి ఆనని సన్నని గుళికలు ఉండును. వాటిలోని తెల్లని, నల్లని రేణువులలో ఏవి పైకి రావలెనో విద్యుత్తు నిర్ణయించును. పైకి వచ్చిన రేణువులు అక్కడే నిలిచిపోవును గనుక పేజీ మార్చునప్పుడు మాత్రమే విద్యుత్తు ఖర్చగును. అందువల్లనే ఒకసారి ఛార్జి చేసిన రీడరు వారాల తరబడి పనిచేయును. నేటి రీడర్లలో చాలావాటికి రాత్రివేళ చదువుటకు చిన్న దీపము కూడా అమర్చి ఉన్నది. దానిని వాడినకొలది ఛార్జి త్వరగా తగ్గును. కరెంటు కోతల నడుమ చదువుకొను పిల్లలకు, మధ్యాహ్నపు వెలుతురులో చెట్టు క్రింద కూర్చుండి చదువువారికి ఇది నిజమైన సౌకర్యమే. ఫోనులో వలె చదువు మధ్యలో సినిమా, సందేశము వచ్చి పలకరించకుండుట మరొక లాభము. తల్లిదండ్రులకు ఇదే పెద్ద లాభముగా తోచవచ్చును.

అయితే విద్యార్థి చదువవలసిన పుస్తకాలు ఏ రూపంలో ఉన్నవి? అసలు ప్రశ్న ఇదే, దుకాణంలో మాత్రం ఎవరూ దీనిని అడుగరు. కథలు, నవలల వంటి పుస్తకాలు ఎక్కువగా ఈపబ్ వంటి రూపంలో లభించును. అక్షరము పెద్దది చేసినచో వాక్యాలు తెరకు తగినట్లు సర్దుకొనును. కళాశాలలో అధ్యాపకులు ఇచ్చు పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, స్కాన్ చేసిన పుస్తకాలు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలో ఉండును. అది అచ్చు వేసిన కాగితానికి ఫొటో వంటిది; సర్దుకొనదు. లెక్క చూడండి. ఏ4 కాగితము వెడల్పు 210 మిల్లీమీటర్లు. 6 అంగుళాల రీడరు తెర వెడల్పు సుమారు 91 మిల్లీమీటర్లు. అనగా 12 పాయింట్ల అక్షరము 5 పాయింట్లకు కుంచించుకొనిపోవును. మందు సీసా మీది సన్నని అక్షరాలు చదివినట్లే. 10 అంగుళాలు దాటిన తెర మీద అదే అక్షరము 9 పాయింట్లుగా కనిపించును, చదువవచ్చును. కాని ధర చాల పెరుగును. రంగు బొమ్మలతో పని ఉన్న వైద్య, పశువైద్య విద్యార్థులకు నలుపు తెలుపు తెర సరిపడదు.

తెలుగు మాధ్యమంలో చదువువారు మరింత జాగ్రత్త వహించవలెను. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌కు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. పైగా మన డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు పీడీఎఫ్‌గా మారినప్పుడు చూచుటకు చక్కగానే ఉండును గాని, వాటిలో ఒక పదము వెదకబోయినచో దొరకదు. కొన్ని సాధనాలలో తెలుగు వత్తులు అక్షరము క్రింద కుదురుకొనక ప్రక్కకు జరిగిపోవును. కావున తెలుగు ఫైలు ఒకటి తెరిచి, సంయుక్తాక్షరాలు కళ్ళారా చూచిన పిమ్మటనే డబ్బు చెల్లించుట మంచిది.

ఈ విషయంలో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయము అనుభవము మనకు ఉపకరించును. 2009లో అక్కడ మూడు తరగతులలోని సుమారు 50 మంది విద్యార్థులకు కిండిల్ డీఎక్స్ అనే పెద్ద తెర రీడర్లు ఇచ్చి చూచిరి. కాగితాల ముద్రణ దాదాపు సగానికి తగ్గినది. కాని గీతలు గీయుటకు, అంచున వ్రాసుకొనుటకు, వెనుకకు ముందుకు త్వరగా తిప్పుటకు యంత్రము అనుకూలముగా లేదని విద్యార్థులు చెప్పిరి. ఆ తరువాత కలముతో వ్రాయదగిన రీడర్లు వచ్చినవి; 2022లో వచ్చిన కిండిల్ స్క్రైబ్ అట్టిదే. అయినను, నవల వరుసగా చదువుటకును, పరీక్ష ముందు రాత్రి పది చోట్ల తిరగవేయుటకును గల తేడా నేటికీ ఉన్నది.

మరొక సంగతి. అచ్చు పుస్తకము చదివిన తరువాత జూనియరుకు అమ్మవచ్చును, హైదరాబాదు కోఠిలో పాత పుస్తకాల దుకాణానికి ఇయ్యవచ్చును. ఈ-పుస్తకానికి ఆ వీలు లేదు. మీరు కొనునది చదువుకొను అనుమతి మాత్రమే. సాధారణముగా ఒక సంస్థ వద్ద కొన్నది మరొక సంస్థ రీడరులో తెరచుకొనదు. 2009 జూలైలో హక్కుల తగవు కారణముగా జార్జ్ ఆర్వెల్ నవలలను అమెజాన్ కొనుగోలుదారుల కిండిళ్ళ నుండి దూరము నుండే తొలగించి, డబ్బు తిరిగి ఇచ్చి, పిదప క్షమాపణ చెప్పవలసి వచ్చినది.

కొనుట ఎవరికి తగును? సాహిత్యము, చరిత్ర, న్యాయశాస్త్రము చదువుచు ఆంగ్లములో వందల పేజీలు తిరుగవేయువారికి తగును. గ్రంథాలయము, బుక్ బ్యాంకు సౌకర్యముతో పని జరుగుచున్న ఇంజనీరింగు మొదటి ఏటి విద్యార్థికి తొందర లేదని నా అభిప్రాయము. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఉచితముగా దొరకుచున్నవి. 2018 జూన్‌లో జాతికి అంకితము చేసిన జాతీయ డిజిటల్ లైబ్రరీలోని సామగ్రిలో చాలా భాగము ఇంటిలో ఉన్న ఫోనులోనే తెరువవచ్చును. ఒక సెమిస్టరు అట్లు చదివి చూచి, జిరాక్సులకు, స్పైరల్ బైండింగులకు ఎంత ఖర్చయినదో వ్రాసి ఉంచుకొన్నచో ఈ-రీడరు అవసరము దానంతట అదే తేలును.

అప్పు చేసి కొనుట గురించి. బ్యాంకుల సంఘము 2001లో రూపొందించిన ఆదర్శ విద్యాఋణ పథకంలో పుస్తకాలు, పరికరాల ఖర్చు, చదువుకు అవసరమైనచో కంప్యూటరు ఖర్చు కూడా చేరి ఉన్నవి. ఈ-రీడరు పేరు అందులో ప్రత్యేకముగా లేదు. కావున కొనుటకు ముందే కళాశాల ఇచ్చిన పుస్తకాల జాబితాతో, ధర కొటేషనుతో శాఖ మేనేజరును సంప్రదించవలెను. కొన్న పిమ్మట అడుగుట వలన ప్రయోజనము తక్కువ. వడ్డీ లెక్క కూడా వేసుకొనవలెను. 17 వేల రూపాయలకు సాలుకు 10 శాతం సాధారణ వడ్డీ అనుకొన్నచో, నాలుగేండ్ల చదువు, ఒక యేడు విరామము ముగియునప్పటికి వడ్డీయే 8,500 రూపాయలు అగును. పంట ఋణము నుండి మాత్రము ఈ ఖర్చుకు తీయవద్దు. అది విత్తనానికి, ఎరువుకు, కూలికి తెచ్చినది. కోత కాగానే తీరవలసినది.

మండల కేంద్రాలలో ఎలక్ట్రానిక్ సామగ్రి అమ్ము డీలర్లకు ఒక మాట. వచ్చిన విద్యార్థిని తన పాఠము ఫైలు వెంట తెచ్చుకొనుమని చెప్పండి. దానిని తెరిచి చూపిన తరువాతనే బిల్లు వ్రాయండి. యంత్రము వరుస సంఖ్య బిల్లుపై ఉండవలెను. పగిలిన తెరకు వారంటీ సాధారణముగా వర్తించదని, తెర మార్పిడికి అగు ఖర్చు కొత్త యంత్రము ధరకు దగ్గర కావచ్చునని అమ్మునప్పుడే తెలియజేసి, గట్టి అట్ట కవరు కూడా చూపండి.