స్టువర్టుపురం నుండి మంచిదేమైనా వస్తుందా?



నా చిన్నతనంలో తెనాలి నుండి చీరాలకు పాసింజరు రైలులో వెళ్లేవాళ్లం. చీరాలలో మా మేనత్తగారి ఇల్లు ఉండేది. నిడుబ్రోలు దాటేదాకా పెట్టెలో అందరూ హాయిగా కబుర్లు చెప్పుకొనేవారు. బాపట్ల వదలగానే మా అమ్మ చేతిసంచి ఒడిలోకి లాక్కొనేది. ఎదుటి బల్ల మీది పెద్దాయన తన ట్రంకుపెట్టె మీద కాలు ఆనించుకొనేవాడు. "వచ్చేది స్టువర్టుపురం, సామాన్లు జాగ్రత్త" అని ఎవరో ఒకరు తప్పకుండా అనేవారు. రైలు కాసేపు ఆగి కదిలేది. మా సామాను ఏనాడూ పోలేదు. అయినా ఆ మాట మాత్రం పోలేదు.

ప్లాట్‌ఫారం మీద నా ఈడు పిల్లలు నిలబడి రైలు వైపు చూసేవారు. మేము సంచులు ఒడిలోకి లాక్కోవడం వాళ్లకు కనబడుతుందని ఆ రోజుల్లో నాకు తోచలేదు.

2018 ఏప్రిల్ 7న ఆస్ట్రేలియా దేశంలోని గోల్డ్‌కోస్ట్ పట్టణంలో కామన్వెల్త్ క్రీడలు జరుగుతుండగా, 85 కిలోల విభాగంలో ఒక తెలుగు యువకుడు బరువులెత్తి బంగారు పతకం గెలిచాడు. అతని పేరు రాగాల వెంకట రాహుల్. వయస్సు ఇరవై ఒక్క సంవత్సరాలు. ఊరు స్టువర్టుపురం. మరునాడు పత్రికలో ఆ ఊరి పేరు చదివినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చింది మా అమ్మ ఒడిలోని సంచి.

రెండున్నర బస్తాల బరువు

బరువులెత్తే పోటీ గురించి మన పల్లెల్లో చాలామందికి తెలియదు గనుక రెండు మాటలు చెబుతాను. ఇందులో రెండు రకాల ఎత్తడాలున్నాయి. మొదటిది స్నాచ్. నేల మీది కడ్డీని ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపున తలపైకి లేపాలి. రెండవది క్లీన్ అండ్ జెర్క్. ముందు భుజాల దాకా తెచ్చి, అక్కడి నుండి పైకి లేపాలి. ఒక్కొక్క దానికి మూడేసి ప్రయత్నాలు మాత్రమే ఉంటాయి. రెండింటిలో ఎత్తిన పెద్ద బరువులను కలిపి లెక్క కడతారు. కడ్డీ పైకి లేచినంత మాత్రాన చాలదు. చేతులు వంగకుండా, కాళ్లు తడబడకుండా నిలబడాలి. ముగ్గురు న్యాయనిర్ణేతలలో కనీసం ఇద్దరు ఒప్పుకోవాలి.

ఆ రోజు రాహుల్ స్నాచ్‌లో 151 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 187 కిలోలు ఎత్తాడు. మొత్తం 338 కిలోలు. 187 కిలోలంటే ఎంతో మన రైతు సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే దాదాపు రెండున్నర బస్తాలు ఒకేసారి తలమీదికి లేపడం! మిల్లుల దగ్గర ఒక్క బస్తా వీపున వేసుకొని లారీ ఎక్కించే అన్నలకే ఆ శ్రమ తెలుస్తుంది.

చివరి ప్రయత్నంలో అతడు 191 కిలోలకు పూనుకున్నాడు. అది చెల్లలేదు. అంటే బంగారు పతకం గెలిచిన రోజున కూడా అతని ఆఖరి ఎత్తు ఓటమే. అయితే అంతకుముందు ఎత్తినవి అతనికి చాలాయి. రెండవ స్థానంలో నిలిచిన సమోవా దేశపు డాన్ ఒపెలోగే మొత్తం 331 కిలోలు. తేడా ఏడు కిలోలు మాత్రమే.

ఆ ఏడు కిలోలు ఒక్క రోజులో వచ్చినవి కావు. హైదరాబాదు దగ్గర హకీంపేటలోని క్రీడా పాఠశాలలో చిన్నప్పుడే చేరాడు. 2014లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన యువ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో వెండి పతకం తెచ్చాడు. 2017లో కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో బంగారం గెలిచాడు. మనం పేపరులో చూసినవి ఈ కొద్ది రోజులే. మధ్యనున్న వందలాది ఉదయాలు ఏ పేపరులోనూ రావు. నిన్న ఎత్తిన కడ్డీనే ఈ రోజు మళ్లీ ఎత్తడం, దానికి మరి కొంచెం బరువు చేర్చడం, లేవకపోతే దించి మళ్లీ మొదలుపెట్టడం, ఇదే వాళ్ల జీవితం. కడ్డీకి ఒక మంచి గుణం ఉంది. అది నీ ఊరేదని అడగదు. నీ తాత ఎవరని అడగదు. ఎత్తావా లేదా అన్నదే దాని ప్రశ్న.

అయితే కడ్డీ అడగని ప్రశ్న మనుషులు అడుగుతారు. ఆ ఊరి పిల్లలు మోసే అసలు బరువు అక్కడే ఉంది.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?

1871లో తెల్లదొరల ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులని దాని భావం. 1911లో ఆ చట్టం మన మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. మన ప్రాంతంలో ఎరుకల సోదరుల మీద ఆ ముద్ర పడింది. 1913లో బాపట్ల దగ్గర వారి కోసం ఒక సెటిల్‌మెంటు ఏర్పాటు చేసి, దాన్ని నడిపించే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యానికి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు.

మిషనరీలు అక్కడ చదువు చెప్పారు, వైద్యం చేశారు, భూములు సాగు చేయించారు, సువార్త ప్రకటించారు. అందుకు దేవునికి స్తోత్రం. కానీ సత్యం చెప్పుకోవాలంటే ఇంకొక మాట కూడా చెప్పాలి. అదే ఊరిలో మనుషులకు హాజరు పిలిచేవారు. చీటీ లేకుండా ఊరు దాటడానికి వీలు లేదు. ఒక చేత్తో బైబిలు, మరొక చేత్తో హాజరు పుస్తకం పట్టుకోవలసిన స్థితి ఆనాటి దైవసేవకులది. వారిని తీర్పు తీర్చడానికి ఇది రాయడం లేదు. ప్రేమించాలని వెళ్లిన మనుషులను కూడా ఒక ముద్ర ఎలా కట్టిపడేస్తుందో మనం తెలుసుకోవాలని రాస్తున్నాను.

1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీద పోయిన ముద్ర మన నాలుకల మీద ఉండిపోయింది. మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు, ఆమె భర్త లవణంగారు 1970వ దశకం నుండి ఆ ఊరి కుటుంబాల మధ్య పనిచేసి ఎందరినో నేరాల బాట నుండి మళ్లించారు. వారు నాస్తికులు. దేవుణ్ణి నమ్మే మనం సంచులు ఒడిలోకి లాక్కొంటుంటే, నమ్మనివారు ఆ ఇళ్లలోకి వెళ్లి కూర్చున్నారు. ఇది మనకు సిగ్గు కలిగించవలసిన సంగతి.

విరిగిన మోకాలు

ఇదే బాపట్ల జిల్లాలో ఇంకొక క్రీడాకారుని ఊరు కూడా ఉంది. ఇంకొల్లు దగ్గరి నాగండ్ల. 1973లో పుల్లెల గోపీచంద్ పుట్టింది అక్కడే. అప్పటికి అది ప్రకాశం జిల్లా. 1994లో, ఇరవై ఏళ్ల వయస్సులో, డబుల్స్ ఆడుతుండగా తోటి ఆటగానికే తగిలి మోకాలు దెబ్బతిన్నది. శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. బ్యాడ్మింటన్ ఆడేవానికి మోకాలే సర్వస్వం. ఆట ముగిసిందనుకొన్న అదే మనిషి 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2001 మార్చిలో ఇంగ్లండులో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోనె తర్వాత అది గెలిచిన భారతీయుడు అతడే.

ఆ పేరుతో శీతల పానీయానికి ప్రకటన చేసి సంపాదించుకోగలిగి ఉండి కూడా, పిల్లలకు మంచిది కాదని వద్దన్నాడు. అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. అది 2008లో తెరుచుకొంది. అతని శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016లో వెండి తెచ్చారు. దెబ్బ తిన్న మోకాలు ఆయనను ఆపలేదు. తన తర్వాత వచ్చేవారి కష్టం అర్థం చేసుకొనే మనస్సు ఇచ్చింది.

ఒకరికి బరువు ఊరి పేరు. ఒకరికి బరువు మోకాలు. కోరి తెచ్చుకొన్నది ఎవరూ లేరు. బరువు లేని మనిషి లేడు. దాని కింద నలిగిపోతామా, దానితో బలపడతామా అన్నదే ప్రశ్న. కడ్డీ మీద బరువు లేకపోతే కండకు బలం రాదని ఈ ఆట నేర్పే ఏ గురువైనా చెబుతాడు.

పౌలు చూసిన ఆటలు

అపొస్తలుడైన పౌలు 1 కొరింథీ 9:24-27లో పందెం గురించి ఊరికే రాయలేదు. కొరింథు పట్టణానికి దగ్గరలోనే రెండేళ్లకొకసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. అది నాలుగు రోజుల్లో వాడిపోయేది. వాడిపోయే కిరీటం కోసమే వాళ్లు అంత మితముగా ఉండి శరీరాన్ని నలగగొట్టుకొంటే, వాడిపోని కిరీటం కోసం మనమెంత చేయాలని పౌలు అడుగుతున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఆటగాణ్ణి మెచ్చుకొనే మనం, ప్రార్థనకు లేవమంటే దుప్పటి కప్పుకొంటాము గదా!

మన సంఘాల్లో తల్లిదండ్రులు తరచుగా, "అయ్యగారూ, ఆటలు అన్నం పెడతాయా?" అని అడుగుతారు. అందరికీ పెట్టవు. పతకం ఒక్కనికే. కానీ క్రమం, ఓర్పు, ఓడిపోయి మళ్లీ లేవడం అందరికీ వస్తాయి. పొలంలోనైనా చదువులోనైనా కుటుంబంలోనైనా అవి అన్నం పెడతాయి.

నా అప్పు

చివరగా ఒక మాట. చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం రేపల్లె వైపు మేము జరిపిన యువజన కూటానికి స్టువర్టుపురం నుండి ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. వారిలో ఒకడు కబడ్డీలో అందరికంటే చురుకైనవాడు. రెండవ రోజు ఒక సోదరి పర్సు కనబడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ పందిరిలోని కళ్లన్నీ ఆ ఇద్దరి వైపు తిరిగాయి. నా కళ్లు కూడా. ఆ కబడ్డీ కుర్రవాడు ఏమీ మాట్లాడకుండా తన సంచి తెచ్చి అందరి ముందు బోర్లించాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, ఒక కొత్త నిబంధన పడ్డాయి. సాయంత్రం ఆ సోదరి చాపలోనే పర్సు దొరికింది. అందరూ "దేవునికి స్తోత్రం" అన్నారు. ఆ ఇద్దరిని క్షమాపణ అడగాలని ఒక్కరికీ తోచలేదు. కాపరినైన నాకు తోచింది గాని, నేనూ అడగలేదు. మరుసటి ఏడు వాళ్లు రాలేదు.

రాహుల్ ఫోటో పేపరులో చూసిన రోజున నేను బాపట్ల రైలెక్కి ఆ కుర్రవాని ఇల్లు వెతుక్కొంటూ వెళ్లాను. ఇంట్లో అతడు లేడు, పనికి వెళ్లాడన్నారు. వాళ్లమ్మ మంచం వాల్చి కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. వచ్చిన పని చెప్పాను. ఆమె కాసేపు ఊరకుండి, "మాకు అలవాటే అయ్యగారూ" అంది. నిష్ఠూరం లేదు ఆ మాటలో. అందుకే అది నాకు ఇంకా బరువుగా ఉంది.

నజరేతు నుండి మంచిది ఏమి వస్తుందని నతనయేలు అడిగినప్పుడు ఫిలిప్పు అతనితో వాదించలేదు. వచ్చి చూడమన్నాడు (యోహాను 1:46). మన ప్రభువు కూడా చెడ్డపేరున్న ఊరివాడే. ఆ సంగతి మరచిపోయి ఆయన పేరు పెట్టుకొన్న మనం ఇంకొక ఊరికి ముద్ర వేయవచ్చునా?

ప్రియ చదువరీ, ఈసారి బాపట్ల దాటినప్పుడు సంచి ఉన్నచోటనే ఉండనివ్వండి. మీ పిల్లలు పక్కనుంటే, మనకు 338 కిలోల బంగారం తెచ్చిన వాని ఊరు ఇదేనని చూపించండి. ప్లాట్‌ఫారం మీద నిలబడిన పిల్లవాడు మీ వైపు చూస్తే, చేయి ఊపండి.

ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.