తల ఆకారంలో లోపమున్న పిల్లలకు మెల్లకన్ను

ఈ మధ్య మన ఓ.పి.కి ఒక తల్లి ఏడాదిన్నర బాబును తీసుకొచ్చింది. బాబు నుదురు ఎత్తుగా ఉంది, కనుగుడ్లు ముందుకు పొడుచుకొచ్చాయి, ఒక కన్ను బయటివైపుకు పోతోంది. "గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నాను సిస్టరమ్మా, అందుకే ఇలా అయిందని మా అత్త అంటోంది" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆమె తప్పేమీ లేదు. పసిబిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. ముక్కల మధ్య మెత్తని అతుకులుంటాయి. మెదడు పెరిగేకొద్దీ అవి చోటిస్తాయి. కొందరిలో ఈ అతుకులు ముందే మూసుకుపోతాయి. 1912లో ఫ్రెంచి వైద్యుడు క్రూజోన్ వర్ణించిన వ్యాధి ఇటువంటిదే. 1906లో అపెర్ట్ వర్ణించిన దానిలో చేతివేళ్ళు, కాలివేళ్ళు కూడా అతుక్కుని ఉంటాయి. వీటికి ముఖ్య కారణం ఎఫ్.జి.ఎఫ్.ఆర్.2 అనే జన్యువులో మార్పు. తల్లిదండ్రులిద్దరూ బాగున్నా బిడ్డలో కొత్తగా రావచ్చు.

ముఖం మధ్యభాగం సరిగా పెరగక కంటి గుంటలు లోతు తక్కువవుతాయి. ఒక్కొక్క కంటిని ఆరు కండరాలు తిప్పుతాయి. గుంట వంకరైతే వాటి లాగుడు కూడా వంకరవుతుంది. కొందరిలో ఏదో ఒక కండరం అసలు ఉండదు. అందుకే పైకి చూసినప్పుడు కళ్ళు విడిపోయి, కిందికి చూసినప్పుడు దగ్గరపడడం వీరిలో ఎక్కువ. మామూలు మెల్లకంటి ఆపరేషన్ కన్నా ఇది కష్టం. ముందుగా స్కాన్ అవసరం కావచ్చు, రెండోసారి ఆపరేషన్ కూడా పడవచ్చు. ఈ మాట ముందే చెప్పించుకోండి.

సాధారణంగా పుర్రె, కంటి గుంటల ఎముకల ఆపరేషన్ ముందు, మెల్లకంటిది తర్వాత చేస్తారు. ఎముకలు జరిపితే కంటి చూపు దిశ కూడా మారుతుంది కదా! ఇక్కడే చాలామంది పొరబడతారు. "అన్నీ అయ్యాక కళ్ళు చూపిద్దాం" అనుకుంటారు. మెల్లకన్ను అదృష్టమని ఊరుకునేవారు సరేసరి. ఆపరేషన్ ఆగవచ్చు గానీ కళ్ళజోడు, ప్యాచ్ ఆగకూడదు. వంకరగా చూసే కన్ను పంపే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది. ఆ కన్ను పనికి అలవాటుపడక బద్ధకిస్తుంది. ఏడెనిమిదేళ్ళు దాటితే దాన్ని దారికి తేవడం చాలా కష్టం. మంచి కంటికి డాక్టరు చెప్పినన్ని గంటలు ప్యాచ్ వేయాలి. పిల్లలు పీకేస్తారు, నిజమే. చేతులకు మేజోళ్ళు తొడిగిన తల్లుల్ని చూశాను. కొందరు గడుగ్గాయిలు వాటినీ పీకేస్తారు!

నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ రోజూ రాత్రి తప్పక వేయండి. కనుగుడ్డు రెప్పలు దాటి బయటికొస్తే చేత్తో నొక్కకండి, ఆరిపోకుండా శుభ్రమైన తడిగుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి రండి. తలలో ఒత్తిడి పెరిగితే చూపు నరం దెబ్బతింటుంది. తలనొప్పి, వాంతులు లేకపోయినా ఇది జరగవచ్చు. కాబట్టి కంటి లోపలి పరీక్ష వాయిదాల ప్రకారం చేయించాలి.

ఆ బాబును తల ఆపరేషన్ కోసం పెద్ద కేంద్రానికి పంపాము. ఈలోగా కళ్ళజోడు పెట్టారు, రోజుకు రెండు గంటలు ప్యాచ్ వేస్తున్నారు. వేసేది అత్తగారేనట.