ఎర్ర కల్లంలో తాలుకాయ: నెట్‌వర్క్ గ్రాఫ్‌లో మనకు కావలసిన నోడ్ కనపడేలా చేయడం ఎలా?

మిర్చి సీజన్‌లో గుంటూరు చుట్టుపక్కల ఏ కల్లం చూసినా కాయలు ఎర్రగా పరిచి ఉంటాయి కదా. అందులో ఫలానా ఎర్రకాయ చూపించమంటే చూపించలేం. అదే తెల్లబారిన తాలుకాయైతే గట్టు మీద నుంచే కనపడిపోతుంది. దాని రంగు గొప్పదని కాదు, చుట్టూ ఉన్నవన్నీ ఒకే రంగులో ఉన్నాయి కాబట్టి. హైలైట్ అంటే ఇంతే. ఒకదాన్ని మెరిపించడం సగం పని, మిగతావాటిని తగ్గించడం మిగతా సగం.

నెట్‌వర్క్ గ్రాఫ్ అంటే చుక్కలు, వాటిని కలిపే గీతలు. చుక్కను నోడ్ అంటారు, గీతను ఎడ్జ్ అంటారు. మనం మన రైలు మార్గాలనే తీసుకుందాం. చిన్న స్టేషన్లు వదిలేసి 12 పెట్టాను. విజయవాడ, గుంటూరు, తెనాలి మూడూ ఒకదానితో ఒకటి కలిసి త్రికోణంలా ఉంటాయి. తెనాలి నుంచి ఒక గీత రేపల్లెకి, ఇంకోటి బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలుకి. గుంటూరు నుంచి ఒకటి నడికుడికి, ఇంకోటి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ మీదుగా మార్కాపురం రోడ్‌కి. మొత్తం 12 చుక్కలు, 12 గీతలు.

కంప్యూటర్ లేకపోయినా పర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ ఓపెన్ చేయండి. పైథాన్, నెట్‌వర్క్‌ఎక్స్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అన్నీ అందులో ముందే ఉంటాయి. ఇప్పుడు స్టెప్పులు చూద్దాం.

ఒకటి. 12 గీతలనూ జంటలుగా రాసి గ్రాఫ్‌లో వేయండి. పేర్లు ప్రస్తుతానికి ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే మామూలు ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, తెలుగులో రాస్తే ఖాళీ డబ్బాలు వస్తాయి.

రెండు. స్ప్రింగ్ లేఅవుట్‌తో ఏ చుక్క ఎక్కడ ఉండాలో లెక్క కట్టించి, ఆ స్థానాలను ఒక వేరియబుల్‌లో దాచుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. దాచుకోకపోతే గీసిన ప్రతిసారీ చుక్కలు చోటు మారతాయి. నిన్న పైనున్న ఒంగోలు ఇవాళ కింద ఉంటే, చూసేవాళ్లకి ఏం మారిందో ఎలా తెలుస్తుంది? సీడ్ అని ఒక నంబర్ ఇస్తే, రేపు మళ్లీ రన్ చేసినా అదే బొమ్మ వస్తుంది.

మూడు. రెండు పొరలుగా గీయండి. ముందు అన్ని చుక్కలూ లేత బూడిద రంగులో. తర్వాత అవే స్థానాల మీద, మనకు కావలసిన నోడ్‌ల లిస్టు మాత్రం ఇచ్చి, ఎర్రగా, కొంచెం పెద్దగా. రంగుతో పాటు సైజు కూడా ఎందుకు మార్చాలంటే, కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు.

రంగులన్నీ ఒకే లిస్టుగా ఇచ్చి ఒక్కసారే గీయొచ్చు కూడా. కానీ అప్పుడు రంగుల వరుస, నోడ్‌ల వరుస ఒకటే ఉండాలి. ఒక రంగు తక్కువైతే ఎర్రర్ వస్తుంది, అది నయం. వరుస తప్పితే మాత్రం ఎర్రర్ రాదు, తప్పు స్టేషన్ ఎర్రగా అవుతుంది. అది ఇంకా డేంజర్.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏ నోడ్‌ను హైలైట్ చేయాలి? ఎక్కువ గీతలున్నదాన్ని అంటారు చాలామంది. అలా చేస్తే గుంటూరు, తెనాలి మెరుస్తాయి, రెండింటికీ నాలుగేసి గీతలు. మరి విజయవాడ, నరసరావుపేట చూడండి. మన బొమ్మలో రెండింటికీ రెండేసి గీతలే. విజయవాడను తీసేస్తే ఏ స్టేషనూ విడిపోదు, గుంటూరు నుంచి తెనాలికి నేరుగా గీత ఉంది కదా. నరసరావుపేటను తీసేయండి. వినుకొండ, దొనకొండ, మార్కాపురం మూడూ తెగిపోతాయి. గీతల లెక్క ఈ తేడా చెప్పదు.

ఇలా తీసేస్తే తెగిపోయే నోడ్‌లను వెతకడానికి నెట్‌వర్క్‌ఎక్స్‌లో ఆర్టిక్యులేషన్ పాయింట్స్ అనే ఫంక్షన్ ఉంది. మన బొమ్మకు అది 7 పేర్లు ఇస్తుంది. 12లో 7 ఎర్రగా చేస్తే ఏమవుతుంది? మళ్లీ ఎర్ర కల్లమే! అందుకే ప్రశ్న ఇంకా చిన్నది చేసుకోవాలి. గుంటూరు నుంచి మార్కాపురం వెళ్లాలంటే మధ్యలో ఏవి తప్పవు? నరసరావుపేట, వినుకొండ, దొనకొండ. ఆ మూడూ హైలైట్ చేస్తే చాలు.

ఒక జాగ్రత్త. ఇది మనం గీసిన బొమ్మ మాత్రమే. నిజానికి మార్కాపురానికి నంద్యాల వైపు నుంచి కూడా లైను ఉంది, విజయవాడ పెద్ద జంక్షన్. మనం గీయనిది కంప్యూటర్‌కి తెలియదు.

ఇప్పుడు మీకో హోంవర్క్. మీ ఇంటి మిర్చి టిక్కీలు ఎవరెవరి చేతులు మారి వెళ్తాయో గీయండి: పొలం, లారీ, కోల్డ్ స్టోరేజీ, కమీషన్ వ్యాపారి, కొనేవాళ్లు. పెట్టుబడికి అప్పు ఎవరిస్తున్నారో అది కూడా వేరే రంగు గీతతో. తర్వాత ఒక్కో నోడ్‌నే తీసి చూడండి. ఏది తీస్తే మీ పొలం ఒంటరిగా మిగులుతుందో దాన్ని ఎర్రగా చేసి, నాన్నకి ఫోన్‌లో చూపించండి. రెండో దారి ఎక్కడ వేసుకోవాలో అక్కడే మాట మొదలవుతుంది.