మందార మీద చీమల బారు ఎందుకు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పెరళ్లలో మందారకు చీమలు బారులు కడితే కొమ్మ చివర చూడండి. దూదిలా అంటుకున్నది పిండినల్లి. అది చెట్టు రసం పీల్చడంతో చిగుళ్లు ముడుచుకుంటాయి, మొగ్గలు రాలతాయి. రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అందుకే నల్లి అతిగా తాగి, మిగిలిన తీపిని బంకగా విసర్జిస్తుంది. ఆ తీపి కోసమే చీమలు దానికి కాపలా కాస్తాయి. పత్తి, బెండ కూడా మందార కుటుంబమే. చేలోని నల్లి పెరట్లోకి రావడం తేలిక.

ఒంటిమీది మైనపు పొడి నల్లికి కవచం, మందు జారిపోతుంది. కాబట్టి ముందు నీళ్లు గట్టిగా చిమ్మాలి. తరువాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు.

తెల్లగా ఉన్నదల్లా నల్లి కాదు! 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లలూ అలాగే ఉంటాయి. చురుగ్గా పాకుతూ నల్లులను తింటాయి. వాటిని చంపకండి.