మోచేతి కొన మీద నీటి వాపు: గుచ్చకండి, గమనించండి

మోచెయ్యి మడిచినప్పుడు వెనకవైపు మొనదేలి కనిపించే ఎముక ఉంది కదా, దాని మీద ఒక్కోసారి నిమ్మకాయంత, కోడిగుడ్డంత వాపు వస్తుంది. ముట్టుకుంటే నీళ్ళ సంచిలా మెత్తగా ఉంటుంది. చాలామందికి నొప్పే ఉండదు. కొందరు నెలల తరబడి పట్టించుకోరు. మరికొందరు కాన్సరేమోనని భయపడుతూ వస్తారు. చాలావరకు ఇది మోచేతి బర్సైటిస్. కాన్సరుకూ దీనికీ సంబంధం లేదు.

బర్సా అంటే చర్మానికీ ఎముకకూ మధ్య ఉండే పల్చని సంచి. అందులో మామూలుగా కాస్త జిగురు నీరు మాత్రమే ఉంటుంది. మనం చెయ్యి ముడిచి చాచినప్పుడల్లా చర్మం ఎముక మీద రాసుకోకుండా జారడానికి అది పనికివస్తుంది. మోకాలు, భుజం, తుంటి దగ్గర కూడా ఇలాంటివి ఉన్నాయి. అయితే మోచేతి కొన మీద కండ లేదు, కొవ్వు లేదు. ఏ ఒత్తిడైనా నేరుగా సంచి మీదే పడుతుంది. అప్పుడు దాని పొర వాచి నీరు ఊరుతుంది.

బల్ల మీద మోచేతులు ఆన్చి గంటలకొద్దీ చదివే పిల్లలకు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారికి, కిటికీ అంచు మీద చెయ్యి పెట్టి బండి నడిపే డ్రైవర్లకు ఇది వస్తుంది. ఒక్క గట్టి దెబ్బ తగిలినా రావచ్చు. గౌటు, కీళ్ళవాతం ఉన్నవారికీ, డయాలిసిస్ చేయించుకునేవారికీ కూడా వస్తుంది. వార్డులో మేము చూసేది ఇంకొకటి ఉంది. మంచాన పడిన పెద్దవారు మోచేతులు ఊని పైకి జరుగుతారు. ఇంటివారు వీపు మీద పుండ్లు పడ్డాయా అని చూస్తారు గాని మోచేతులు చూడరు. ఒళ్ళు తుడిచేటప్పుడు అవి కూడా చూడండి.

“నీరే కదా, తీసేస్తే పోతుంది” అని ఇంట్లో సూది కాల్చి గుచ్చేవారున్నారు. ఊళ్ళో ఎవరిచేతనో సిరంజితో లాగించుకునేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రంధ్రం గుండా క్రిములు లోపలికి పోతే మామూలు నీరు కాస్తా చీమవుతుంది. పైగా ఒత్తిడి మానకపోతే తీసిన నీరు మళ్ళీ ఊరుతుంది. అందుకే ఆసుపత్రిలో కూడా ప్రతి వాపుకూ సూది పెట్టరు. చీము పట్టిందనో, గౌటు అనో అనుమానం ఉంటే శుభ్రమైన పద్ధతిలో తీసి, ఆ నీటిని ల్యాబుకు పంపుతారు.

వాపు మీద చర్మం ఎర్రబడి వేడిగా ఉన్నా, ముట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి ఉన్నా, జ్వరం, చలి వచ్చినా ఆ రోజే రండి. ఎరుపు ముంజేతి వైపు పాకుతుంటే అసలు ఆగకూడదు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారూ, స్టీరాయిడ్ మందులు వాడేవారూ జ్వరం కోసం ఎదురుచూడవద్దు. వారికి చీము పట్టినా జ్వరం రాకపోవచ్చు. యాంటీబయాటిక్ రాసి ఇస్తే రెండు రోజుల్లో తగ్గిందని మానేయక, చెప్పినన్ని రోజులూ వాడాలి. కింద పడ్డాక వాపు వస్తే ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయించాలి.

ఎరుపు, వేడి, జ్వరం లేని మామూలు వాపుకు అసలు మందు ఒత్తిడి తీసేయడమే. మోచేతి కింద మడత పెట్టిన తువ్వాలు వేసుకోండి. మొదటి రోజుల్లో ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు పెట్టవచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలనీయకండి. సాగే బ్యాండేజి కడితే వేళ్ళు తిమ్మిరెక్కనంత వదులుగా ఉండాలి. మాలిష్ వద్దు. జిల్లేడాకు కాపడం కూడా వద్దు, దాని పాలు తగిలి చర్మం బొబ్బలెక్కితే అక్కడినుంచే క్రిములు చేరతాయి. నొప్పి బిళ్ళలు కిడ్నీ జబ్బు, బి.పి., కడుపులో పుండు ఉన్నవారు అడగకుండా వేసుకోరాదు. చెయ్యిని మెడకు కట్టి ఉంచితే కీలు బిగుసుకుంటుంది, మెల్లగా ఆడిస్తూనే ఉండాలి.

తగ్గడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. ఎంతకీ తగ్గక ఇబ్బంది పెడితే ఆపరేషన్ చేసి సంచి తీసేస్తారు. కాని మోచేతి కొన మీద కోసిన గాయం త్వరగా మానదు గనుక డాక్టర్లు తొందరపడరు.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. రక్తం పల్చబడే మందు వాడుతుంటే సూది పెట్టకముందే సిస్టరుకు చెప్పండి.