గుఱ్ఱము వెల

మహారాష్ట్రమున నాందేడు జిల్లా మాళేగావునందు ఖండోబా జాతరలో గుఱ్ఱముల బేరములు విరివిగా సాగును. సంతలో అమ్మువాని నోటిమాటయే ప్రకటనము. కొనువాడు మాత్రము గుఱ్ఱపు నోరు తెఱచి చూచును. సుమారు రెండున్నర యేండ్లకు నడిమి పాలపండ్లు రాలుట మొదలై, 5 ఏండ్లకు ముందుపండ్లన్నియు స్థిరపడును. 8 ఏండ్లు దాటిన పిదప పండ్లను బట్టి వయస్సు తేల్చుట కష్టము. సుడులను జూచి వెల తగ్గించువారు మనలో గలరు. సుడి వలన కాలు కుంటుపడునా? గట్టి నేలపై పరుగెత్తించి చూచుటయే మేలని మా తలంపు. పత్రికలలో ప్రకటించువారు వయస్సు, ఎత్తు, నేర్చిన పనితోపాటు బెదురును, కుంటును గూడ వ్రాసి, ఆ మేరకు వెల తగ్గింపవలెను. బెదురు దాచి అమ్మిన గుఱ్ఱమును జట్కాకు గట్టినచో, ప్రమాదము బండిలోని పిల్లలకే. జీను, కళ్ళెము వెలలో జేరునో లేదో గూడ ముందే తెలుపవలెను.