క్యాంపస్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న

ఇంజనీరింగ్ మూడో ఏడు అయిపోవస్తోందంటే చాలు, మన పిల్లలకి క్యాంపస్ ఇంటర్వ్యూల జ్వరం పట్టుకుంటుంది. నేనుండేది ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరానికి ఆగ్నేయాన ఉన్న పియారా వాటర్స్‌లో. ఇంత దూరాన ఉన్నా ఆ వేడి నాకూ తగులుతూనే ఉంటుంది. ఇక్కడికీ ఇండియాకీ రెండున్నర గంటలే తేడా. శనివారం రాత్రి మా భోజనాలయ్యేసరికి అక్కడ సాయంత్రం ఆరవుతుంది, మా మేనకోడలూ ఆమె స్నేహితులూ వీడియోలో సిద్ధంగా ఉంటారు. ఆమెకు మావయ్యని, మిగతావాళ్ళందరికీ అంకుల్‌ని (ఈ రెండోదానికి అలవాటు పడడం కొంచెం కష్టమే). నేను మాస్టర్స్ చేసింది కంప్యూటర్ సైన్సులో, చేసేది ఐటీ కన్సల్టింగ్. కొత్తవాళ్ళని ఇంటర్వ్యూ చెయ్యడం కూడా ఆ పనిలో భాగమే. అందుకని నాతో మాక్ ఇంటర్వ్యూలు పెట్టించుకుంటారు.

"ఏం చదవాలి?" అని అందరూ అడుగుతారు. ఆ జాబితా మా రోజుల నుంచీ పెద్దగా మారలేదు: సీ లేదా జావా, డేటా స్ట్రక్చర్లు, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్. అప్పుడు చేతులు మారిన జిరాక్స్ కాపీలు ఇప్పుడు పీడీఎఫ్‌లయ్యాయి, అంతే. రాతపరీక్షలు మాత్రం ఆన్‌లైన్‌కి వెళ్ళిపోయాయి. టీసీఎస్ 2018లో దేశమంతటికీ కలిపి నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ మొదలుపెట్టింది. దాన్ని దాటడానికి సాధన చాలు. చిక్కల్లా ఆ తర్వాత మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడే.

నేను గమనించినదేమిటంటే, మొదటి ప్రశ్నకి దాదాపు అందరూ జవాబు చెప్తారు. తేడా తెలిసేది రెండో ప్రశ్న దగ్గర. ఉదాహరణకి బైనరీ సెర్చ్ తీసుకోండి. "అంటే ఏమిటి?" అని అడిగితే గడగడా చెప్పేస్తారు. "వరుసలో ఉన్న పది లక్షల పేర్లలో ఒకటి వెతకాలంటే ఎన్నిసార్లు చూడాలి?" అనగానే సగంమంది ఆగిపోతారు. ప్రతిసారీ సగం కొట్టేస్తూ పోతే పది లక్షలు ఒకటి కావడానికి సుమారు 20 సార్లు చాలు. కాగితం మీద అర నిమిషం పని.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. మధ్య స్థానం కనుక్కోవడానికి 'లో', 'హై' రెండూ కలిపి రెండుతో భాగిస్తాం కదా. అవి రెండూ 110 కోట్లకి పైన ఉంటే? జావాలో ఒక ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య సుమారు 214 కోట్లు. కూడిక అంతకు మించితే ఫలితం మైనస్‌లోకి వెళ్తుంది, ప్రోగ్రాము కుప్పకూలుతుంది. అందుకే 'హై' లోంచి 'లో' తీసేసి, అందులో సగాన్ని 'లో'కి కలపాలి. ఇదేదో చాదస్తం అనుకోకండి. సాక్షాత్తూ జావా లైబ్రరీలోనే ఈ తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు ఎవరి కంటా పడలేదు. ఆ కోడ్ రాసిన జోషువా బ్లాక్ స్వయంగా 2006లో దాని గురించి రాశాడు. బైనరీ సెర్చ్ మొదట అచ్చయింది 1946లో అయితే, తప్పుల్లేనిది 1962 దాకా అచ్చులో రాలేదని డొనాల్డ్ క్నూత్ అంటాడు. కాబట్టి ఇంటర్వ్యూ చేసేవాడు మీనుంచి తప్పులేని జవాబు ఆశించడు. "సరిగ్గా గుర్తు లేదండీ, ఒక చిన్న ఉదాహరణ వేసి చూస్తాను" అని పెన్ను తీస్తే నాకు చాలా సంతోషం. ఊహించి ఏదో ఒకటి చెప్పేసేవాళ్ళే ఎక్కువ.

అన్నిటికన్నా ఎక్కువమంది తడబడేది ప్రాజెక్టు దగ్గర. హైదరాబాదులో చదివినవాళ్ళకి అమీర్‌పేట గురించి చెప్పక్కర్లేదు. డబ్బు కడితే కోడ్, రిపోర్టు, పవర్‌పాయింట్ అన్నీ చేతిలో పెట్టేవాళ్ళు అక్కడ ఉంటారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ ఖర్చు కూడా తప్పింది. ఎవరు రాసిచ్చినా రెండో ప్రశ్న ఒకటే. రెజ్యూమెలో "హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్" అని ఉందనుకోండి. "ఒకే డాక్టరు దగ్గర ఒకే సమయానికి ఇద్దరు ఒకేసారి బుక్ చేస్తే ఏమవుతుంది?" అని అడుగుతాను. డాక్టరు, తేదీ, సమయం మూడూ కలిపి డేటాబేసులో యునీక్ కీ పెడితే రెండోవాళ్ళ బుకింగు దానంతటదే ఆగిపోతుంది. జవాబు ఇంతే. సొంతంగా రాసినవాళ్ళకి ఈ చిక్కు ఎక్కడో ఒకచోట ఎదురై ఉంటుంది. లేకపోయినా, "అది ఆలోచించలేదండీ, ఇప్పుడైతే ఇలా చేస్తాను" అనగలుగుతారు. కొన్నవాళ్ళు టీమ్‌మేట్ చేశాడంటారు. నలుగురిని విడివిడిగా అడిగితే నలుగురూ అదే అంటారు!

నేనైతే మా మేనకోడలికి ఒకటే చెప్పాను. పెద్ద పేరున్న ప్రాజెక్టు వద్దు. మీ నాన్న కొట్టులో అప్పుల పద్దు రాసే చిన్న ప్రోగ్రాము చాలు, కానీ ప్రతి లైనూ నువ్వే రాయి. ఏఐ సాయం తీసుకున్నా ఫరవాలేదు, ప్రతి లైనూ ఎందుకుందో నాకు చెప్పగలగాలి. మొదట ముఖం మాడ్చుకుంది. "కొట్టు పద్దు అంటే నవ్వరా మావయ్యా?" అంది. నెల తర్వాత, ఒకే అప్పు రెండుసార్లు జమ అయిపోతోందని తనే ఫోన్ చేసింది. ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో ఆ రోజు తనకి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇక ఇంగ్లీషు. ఇంట్లో మొదటిసారిగా ఇంజనీరింగ్ దాకా వచ్చిన పిల్లలకి అసలు భయం ఇదే. ఆ ఆఫర్ లెటర్ మీద ఇంటి అప్పులూ, చెల్లెలి చదువూ ఆధారపడి ఉన్నప్పుడు తెలిసిన జవాబు కూడా గొంతు దాటదు. విషయాన్ని ముందు తెలుగులోనే, కంప్యూటరు తెలియని అమ్మకో తమ్ముడికో అర్థమయ్యేలా చెప్పమంటాను. అలా చెప్పగలిగాక అదే వరుసలో చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమంటాను. మొదటి రికార్డింగు వినడం ఎవరికైనా శిక్షే. నాలుగోదానికి, తడబడుతున్నది భాష దగ్గరో విషయం దగ్గరో వాళ్ళకే తెలిసిపోతుంది. చాలాసార్లు అది విషయం దగ్గరే. దాన్ని పుస్తకం తెరిచి సరిచేసుకోవచ్చు.